ఇసుకలో దాచిన గుడ్లు – ఏడవ దైవాజ్ఞ



సముద్రపుటొడ్డున ఉన్న ఒక ఉపవిచారణలో మొన్న ఆదివారం దివ్యబలిపూజ ముగించుకొని బయటకు వస్తుండగా ఒక పెద్దాయన నన్ను ఆపారు. నలభై ఏళ్ళు వేట చేసిన మనిషి. "తాబేళ్ళ కోసం మన జెట్టీ పని ఆపేత్తారంటండి ఫాదరుగారూ, నిజమేనాండి? మనుషులకంటే తాబేలు ఎక్కువైపోయిందాండి?" అని అడిగారు. అప్పటికి మరో ఊరిలో పూజకు వేళవుతోంది. "అలా ఏమీ జరగదులెండి" అని చెప్పి మోటారు సైకిలు ఎక్కాను. దారిపొడుగునా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అడిగినవారు ఎగతాళికి అడగలేదు. ఆయన కొడుకులిద్దరూ మర పడవ మీద పోతారు. తుఫాను వేళ పడవ కట్టుకోవడానికి చోటు లేక నష్టపోయిన కుటుంబం అది. అటువంటివారికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వచ్చేయడం గురువుకు తగదు. అందుకే ఈ వారం పాఠాన్ని ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను. తీరంలో ఉన్నవారు తమ పని కనుక చదవండి. మెట్ట ప్రాంతంలో ఉన్నవారు తాము తినే చేప ఎక్కడినుంచి వస్తుందో తలచుకొని చదవండి.

ఎందుకు ఇప్పుడు ఈ పాఠం?

మన రాష్ట్రానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఆ తీరం పొడుగునా ఇటీవలి సంవత్సరాలలో నిర్మాణాలు ఊపందుకున్నాయి. రామాయపట్నం ఓడరేవు పనులకు 2022లోను, మచిలీపట్నం, మూలపేట ఓడరేవుల పనులకు 2023లోను శంకుస్థాపనలు జరిగాయి. వీటికి తోడు చేపల రేవులు, జెట్టీలు, రాళ్ళ గట్లు, తీరం వెంబడి రోడ్లు, విడిది హోటళ్ళు. వీటిలో చాలావాటి అవసరం ఉంది. రేవు లేని ఊరిలో వేటగాడి భార్య తుఫాను రాత్రి ఎలా గడుపుతుందో నేను చూశాను. కనుక నిర్మాణాలే వద్దని ఈ పాఠం చెప్పదు. ఎలా కట్టాలి, ఎప్పుడు కట్టాలి, కట్టేటప్పుడు ఎవరిని గుర్తుంచుకోవాలి అన్నదే మన ప్రశ్న.

ఒక తల్లి ఒడ్డుకు వస్తుంది

మొదట ఆ తాబేలు సంగతి తెలుసుకుందాం. మన తీరానికి వచ్చేది ఎక్కువగా ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు. ఇంచుమించు రెండు అడుగుల పొడవు, నలభై కిలోల బరువు ఉంటుంది. జనవరి మొదలుకొని ఏప్రిల్ వరకు, చలికాలపు చివరనుంచి ఎండలు ముదిరేవరకు, ఆడ తాబేళ్ళు రాత్రివేళ ఒంటరిగా ఒడ్డుకు వస్తాయి. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్, గోదావరి ముఖద్వారాల దగ్గరి సాక్రమెంటో దీవి, విశాఖ, శ్రీకాకుళం తీరాల ఇసుక తిన్నెలు వాటికి పుట్టిళ్ళు. ఒడిశాలో గహీర్మఠ, ఋషికుల్య తీరాలకైతే ఇవి లక్షల సంఖ్యలో ఒక్కుమ్మడిగా వస్తాయి.

ఆ తల్లి చెలియలికట్ట దాటి పొడి ఇసుకకు చేరుతుంది. వెనుక కాళ్ళతో మూరెడు లోతు గుంట తవ్వుతుంది. అందులో సుమారు వంద గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, తన శరీరంతోనే ఆ చోటును అదిమి చదును చేసి తిరిగి నీటిలోకి పోతుంది. మళ్ళీ ఆ గూటి ముఖం చూడదు. ఆ తరువాత 45 నుంచి 60 రోజులు ఆ గుడ్లను పొదిగేది ఇసుక వేడి. పుట్టబోయేది మగదో ఆడదో నిర్ణయించేది కూడా ఆ వేడే. ఇసుక ఎక్కువ వెచ్చగా ఉంటే ఆడ పిల్లలు ఎక్కువగా పుడతాయి.

పిల్లలు గుడ్డు పగులగొట్టుకొని సాధారణంగా రాత్రివేళే ఒక్కసారిగా ఇసుకలోనుంచి పైకి వస్తాయి. దారి చూపే తల్లి లేదు. సముద్రం మీది ఆకాశం నేలవైపు కంటె కాస్త తెల్లగా ఉంటుంది. ఆ మసక వెలుగు వైపు నడవాలన్న ఒక్క జ్ఞానాన్ని సర్వేశ్వరుడు వాటికి ఇచ్చాడు. దానితోనే అవి నీటికి చేరతాయి. వెయ్యి పిల్లలలో ఒకటి మాత్రమే పెద్దదై బ్రతుకుతుందని సాధారణంగా అంచనా వేస్తారు. అలా బ్రతికిన ఆడ తాబేలు ఏళ్ళ తరువాత తాను పుట్టిన తీరప్రాంతానికే గుడ్లు పెట్టడానికి వస్తుంది.

కట్టడం వల్ల నాలుగు హానులు

ఒకటి, వెలుగు. రాత్రి పని సాగేచోట ఫ్లడ్‌లైట్లు పగలును తలపిస్తాయి. ఒడ్డుకు రాబోయిన తల్లి ఆ వెలుగు చూసి, జనం అలికిడి విని, గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. పిల్లలైతే సముద్రాన్ని వదిలి ఆ దీపాలవైపు, రోడ్డువైపు నడిచి లారీల కింద, కుక్కల నోట, తెల్లవారితే కాకుల నోట పడతాయి.

రెండు, శబ్దం. జెట్టీ స్తంభాల కోసం ఇనుప గొట్టాలను సమ్మెటతో సముద్రపు అడుగులోకి దిగగొడతారు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది. అంటే నాలుగింతలకు పైగా వేగం. మన తీర జలాల్లో తిరిగే గాదు చేపలు, అంటే డాల్ఫిన్లు, శబ్దంతోనే దారి, ఆహారం, తమ పిల్లల జాడ తెలుసుకుంటాయి. వాటికి ఆ సమ్మెట పోటు మన చెవి దగ్గర డప్పు వాయించడంకాదు, మన కళ్ళకు గంతలు కట్టడం.

మూడు, పూడికతీత. ఓడ రావడానికి డ్రెడ్జరు సముద్రపు అడుగును పీల్చి లోతు చేస్తుంది. అడుగున విశ్రమించే తాబేలు ఆ పీల్పులో పడితే బ్రతకదు. పైకి లేచిన బురద నీటిని కప్పేస్తుంది. చేప గుడ్లు, నత్తలు, పీతలు, నాచు ఆ మడ్డి కింద ఊపిరాడక పోతాయి.

నాలుగు, ఇసుక నడక. ఇది అందరికంటె ఎక్కువకాలం బాధించేది. తీరాన ఇసుక ఒకచోట నిలవదు. మన తూర్పు తీరంలో అలల తాకిడికి ఏడాది మొత్తం మీద అది దక్షిణంనుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా రాళ్ళ గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. విశాఖలో 1970లలో బయటి రేవును కట్టిన తరువాత జరిగింది ఇదే. అప్పటినుంచి గోడ దగ్గర చేరిన ఇసుకను తవ్వి రామకృష్ణా బీచికి పంపు చేయవలసి వస్తున్నది. రాస్ హిల్ మీది మరియమాత గుడికి యాత్ర వెళ్ళినవారు ఆ కొండపైనుంచి రేవు కాలువను చూసే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ గోడలను చూపించి ఈ సంగతి చెప్పండి. ఉప్పాడలో సముద్రం దశాబ్దాలుగా ఇళ్ళను, రోడ్డును కోస్తున్న సంగతి మీకు తెలిసిందే. అక్కడ కారణాలు అనేకం. కానీ ఇసుక నడక చెదిరితే ఏమవుతుందో ఆ ఊరివారిని అడిగితే చెబుతారు. తాబేలు గూడు పోయినచోటనే మనిషి గూడు కూడా పోతుంది.

జంతువుల సంగతి ఏ ఆజ్ఞలో ఉంది?

సత్యోపదేశం చదువుకునే పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను. పది ఆజ్ఞలలో జంతువుల గూర్చిన బోధ ఎక్కడ వస్తుంది? చాలామంది ఐదవ ఆజ్ఞ అంటారు, నరహత్య చేయరాదన్నది గుర్తు చేసుకొని. కాదు. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం దీనిని 2415 నుంచి 2418 వరకు గల పేరాలలో, ఏడవ ఆజ్ఞ కింద ఉంచింది. అంటే, దొంగిలించరాదు అన్న ఆజ్ఞ కింద.

ఎందుకో ఆలోచించండి. దొంగతనం అంటే మరొకరి సొత్తును తనదిగా చేసుకోవడం. సముద్రం ఎవరి సొత్తు? మనకంటె ముందు అది సర్వేశ్వరునిది. మన తరువాత అది మన మనుమలది. మధ్యలో మనం కౌలుదారులం. కౌలుకు తీసుకున్న పొలంలో పంట కోసుకోవచ్చు, మట్టి అమ్ముకోకూడదు. ప్రకృతి వనరులను వాడుకొనే హక్కు మనకుందని చెబుతూనే, ఆ హక్కు పొరుగువారిపట్ల, రాబోయే తరాలపట్ల బాధ్యతతో ముడిపడి ఉన్నదని శ్రీసభ అక్కడే బోధిస్తున్నది. జంతువులు తమ ఉనికితోనే దేవుని మహిమపరుస్తాయని, వాటిని అనవసరంగా బాధించడం మనిషి గౌరవానికే తగదని కూడా చెబుతున్నది.

పరిశుద్ధ గ్రంథంలో ఈ బోధకు పునాది పాతది. ఆదికాండం మొదటి అధ్యాయంలో మనిషిని సృజించక ముందే, ఐదవ రోజున, సముద్ర ప్రాణులను దేవుడు ఆశీర్వదించి వృద్ధి చెందమన్నాడు. మనకంటె ఒకరోజు ముందే దీవెన పొందినవి అవి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఒక చిన్న చట్టం ఉంది. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చును గాని తల్లిని వదిలిపెట్టాలి. తినవద్దని అనలేదు, మొత్తం తుడిచిపెట్టవద్దన్నది. రేపటికి తల్లి మిగలాలి. ఇసుకలోని గూటికి కూడా ఆ చట్టం చెల్లుతుంది.

ఇక నోవాను చూడండి. పరిశుద్ధ గ్రంథం వివరంగా వర్ణించిన మొదటి పెద్ద నిర్మాణ పని ఆయనదే. కొలతలు, కలప, కీలు, మూడు అంతస్తులు, అన్నీ ఉన్నాయి. ఆ నిర్మాణంలో జంతువుల స్థలం తరువాత కలిపిన గది కాదు. ఓడ పటం గీసినప్పుడే వాటికి చోటుంది. కట్టేవాడు, కాపాడేవాడు ఒక్కడే కావచ్చునని నోవా మనకు సాక్ష్యం.

పునీత తోమాసు అక్వినాసు ఒక లోతైన మాట బోధించాడు. దేవుని మంచితనం ఎంత గొప్పదంటే ఏ ఒక్క ప్రాణీ దానిని పూర్తిగా చూపలేదు. ఒకటి చూపలేనిది మరొకటి చూపడానికి ఆయన అనేక రకాల ప్రాణులను సృజించాడు. కనుక ఒక జాతి నశిస్తే మనకు ఒక జంతువు తగ్గిందని మాత్రమే కాదు. దేవుని గూర్చి లోకం చెప్పే పాఠంలో ఒక పుట చిరిగిందన్నమాట.

వివేకమనే పుణ్యం

సరే, మరి ఎలా కట్టాలి? దీనికి శ్రీసభ ఇచ్చే సమాధానం వివేకం. నాలుగు ప్రధాన పుణ్యాలలో మొదటిది ఇదే. పిరికితనాన్ని వివేకమనరు, పని మానుకోవడాన్నీ అనరు. మంచి పనిని మంచి విధంగా చేయడమే వివేకం. పునీత తోమాసు ఈ పుణ్యానికి ఎనిమిది భాగాలు చెప్పాడు. వాటిలో నాలుగింటిని మన తీరానికి అన్వయించుకుందాం.

జ్ఞాపకం: పని మొదలుపెట్టే ముందు ఆ తీరంలో ఇదివరకు ఏముందో తెలుసుకోవాలి. కనీసం ఏడాదిపాటు, అన్ని కాలాలలోను, ఎక్కడ గుడ్లు పెడుతున్నాయో, ఎక్కడ చేపలు పిల్లలు చేస్తున్నాయో లెక్క రాయాలి. వేసవిలో ఒక వారం వచ్చి చూసి వెళ్తే అది జ్ఞాపకం కాదు.

నేర్చుకొనే వినయం: ఇంజనీరుకు రాయి బరువు తెలుసు. ఏ నెలలో ఏ గాలికి ఏ ఒడ్డు కోతపడుతుందో తెలిసినవాడు పల్లెకారుడు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖలో ఇదే కోరారు. పర్యావరణ పరిశీలన అన్నది ప్రాజెక్టు నిర్ణయమైపోయాక నింపే కాగితం కాకూడదని, మొదటినుంచే సాగాలని, ఆ చర్చలో స్థానిక ప్రజలకు ప్రత్యేక స్థానం ఉండాలని బోధించారు.

ముందుచూపు: అన్నిటికంటె చవకైన రక్షణ క్యాలెండరు. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలలలో ఒడ్డు మీది పని, రాత్రి పని, పూడికతీత తగ్గించి, ఆ నెలలకు లోపలి పనులు పెట్టుకుంటే సగం హాని తప్పుతుంది. దీపాలకు మూతలు పెట్టి వెలుగు పనిమీదనే పడేటట్లు, సముద్రంవైపు చిమ్మకుండా చేయవచ్చు. తెల్లని దీపాలకు బదులు పసుపు, ఎరుపు రంగు దీపాలు వాడితే పిల్లలు అంతగా తికమకపడవు. రాళ్ళ గోడ కట్టక తప్పకపోతే, దానికి ఉత్తరాన ఉన్న ఊరికి ఇసుక ఎలా అందించాలో ముందే లెక్కలో రాసుకోవాలి.

జాగ్రత్త: పని జరుగుతున్నప్పుడు కాపలా. బ్రిటన్‌లో ఒక పద్ధతి ఉంది. సమ్మెట మొదలుపెట్టే ముందు అరగంటసేపు మనిషిని పెట్టి చుట్టూ 500 మీటర్లలో డాల్ఫిన్ల వంటివి ఉన్నాయేమో చూస్తారు. ఉంటే ఆగుతారు. తరువాత కూడా ఇరవై నిమిషాలకు తగ్గకుండా మెల్లగా కొడుతూ బలం పెంచుతారు, దగ్గరున్నవి తప్పుకోవడానికి. జర్మనీ తీరంలో గాలిమరల స్తంభాలు దించేటప్పుడు చుట్టూ గొట్టాలలోనుంచి గాలి వదిలి బుడగల తెర లేపుతారు. ఆ తెర శబ్దాన్ని మింగుతుంది. స్తంభంనుంచి 750 మీటర్ల దూరంలో శబ్దం 160 డెసిబెళ్ళు దాటకూడదని అక్కడి నియమం. బురద వ్యాపించకుండా నీటిలో గుడ్డ తెరలు దించే పద్ధతీ ఉంది.

ఇవన్నీ పరదేశపు మాటలని అనుకోవద్దు. ఒడిశాలో గహీర్మఠకు దగ్గరగా ధామ్రా ఓడరేవును కట్టి 2011లో ప్రారంభించారు. ఆ చోటు తగదని ప్రకృతి ప్రేమికులు గట్టిగా వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. అయినా కట్టే సమయంలో అంతర్జాతీయ నిపుణుల సలహాతో డ్రెడ్జరు నోటి ముందు నాగలివంటి ఇనుప చట్రం బిగించారు. పీల్చే నోరు రాకముందే అది తాబేలును పక్కకు నెట్టుతుంది. దీపాల విషయంలోనూ జాగ్రత్తలు సూచించారు. తగని చోట కట్టి తరువాత జాగ్రత్త పడడంకంటె తగిన చోటును ఎన్నుకోవడం మేలు. కానీ కట్టక తప్పనిచోట జాగ్రత్త సాధ్యమేనని దీనినుంచి నేర్చుకోవచ్చు.

మూడు అభ్యంతరాలు

మొదటిది ఆ పెద్దాయన అడిగినదే. మనిషికంటె తాబేలు ఎక్కువా? కాదు. సత్యోపదేశ గ్రంథం 2418వ పేరాలోనే, మనిషి ఆకలి తీర్చవలసిన సొమ్మును జంతువుల మీద వెచ్చించడం తగదని కూడా ఉంది. దీన్ని దాచిపెట్టి పాఠం చెప్పడం నిజాయితీ కాదు. అయితే ఇక్కడ ఎవరి నోటిలోని ముద్దను తీసి తాబేలుకు పెట్టమంటున్నాం? దీపానికి మూత, పనికి తగిన నెల, ఒక కాపలా మనిషి. కోట్ల రూపాయల పనిలో ఇవి పెద్ద ఖర్చు కావు. పైగా పేదవాని ముద్దను తీసేది తాబేలు కాదు. బురదకు చచ్చిన చేపపిల్లలు తీస్తాయి. కోసుకుపోయిన ఒడ్డు తీస్తుంది. తాబేలుకు జాగ్రత్త లేని పని సాధారణంగా పల్లెకు కూడా జాగ్రత్త లేని పనే.

రెండవది: తాబేళ్ళు ఎక్కువగా చచ్చేది వలలలో కదా? నిజం. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది తాబేళ్ళు చచ్చి కొట్టుకువచ్చినప్పుడు వేలెత్తి చూపింది ట్రాలరు వలల వైపే. తాబేలు మనవలె గాలి పీల్చే ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. తాబేలు తప్పించుకొనే ద్వారం వలకు బిగించడం, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధాన్ని పాటించడం మన వంతు. కాంట్రాక్టరు తప్పు ఎత్తిచూపే ముందు మన వల సరిచూసుకుందాం. కానీ ఒకరి తప్పు మరొకరి తప్పుకు సమాధానం కాదు. వలలో తప్పించుకొని వచ్చిన తల్లికి ఒడ్డున చోటు లేకపోతే ఆ తప్పించుకోవడం వృథా.

మూడవది: ఇదంతా ప్రభుత్వం పని, మనదేముంది? చట్టం ఉన్నమాట నిజమే. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలుది మొదటి షెడ్యూలు. దానిని చంపినా, గుడ్లు ఎత్తుకుపోయినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు పడవచ్చు. తీర ప్రాంత నియంత్రణ నియమాలు 1991లో వచ్చాయి, 2011లోను 2019లోను మారాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లను అవి అత్యంత సున్నితమైన తరగతిలో ఉంచాయి. 2006నాటి నియమాల ప్రకారం ఓడరేవు వంటి పెద్ద పనికి అనుమతి ఇచ్చేముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పరిశీలన నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే తెలుగులో, కలెక్టరు కార్యాలయంలోను జిల్లా పరిషత్తులోను చూడడానికి దొరకాలి. చట్టం తలుపు తెరిచింది. లోపలికి వెళ్ళవలసింది మనం. మనం వెళ్ళని సభలో మన పేరు మీద మరొకరు మాట్లాడుతారు.

మన కుటుంబాలు చేయదగినవి

మన విచారణలో ఎక్కడైనా తీర నిర్మాణం రాబోతుంటే పెద్దలు కలిసి ఆ తెలుగు సారాంశాన్ని తెచ్చి గుడి ఆవరణలో చదివించుకోండి. సభలో అడగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. ఏ నెలల్లో పని చేస్తారు? రాత్రి దీపాలు ఎటువైపు? తవ్విన బురద ఎక్కడ పోస్తారు? ఉత్తరాన ఉన్న ఊరి ఒడ్డుకు ఏమవుతుంది? తాబేలు కనబడితే పని ఆపే అధికారం ఎవరిది? జవాబులు రాతలో ఇవ్వమని మర్యాదగా అడగండి.

ఆ పనులలోనే కూలికి వెళ్ళే మన యువకులున్నారు. బాబూ, మీకు నా మాట ఇది: గూడు కనబడితే మేస్త్రీకి చెప్పండి, ఆ చోట కర్ర పాతి గుర్తు పెట్టండి, అటవీశాఖవారికి కబురు చేయండి. గుడ్లను మీరుగా తవ్వవద్దు. వాటిని కదిలించడానికి ఒక పద్ధతి, ఒక వేళ ఉన్నాయి. మన తీరంలో అటవీశాఖవారు, స్వచ్ఛంద సేవకులు, మత్స్యకార యువకులు కలిసి గుడ్లను కంచె లోపల భద్రపరచి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో మన హిందూ సహోదరులు కూర్మాన్ని పూజిస్తారు. వారితో, మహమ్మదీయ సహోదరులతో కలిసి చేయడానికి ఇంతకంటె సులభమైన మంచి పని ఏముంది?

తీరపు గుడులకు ఒక మనవి. జనవరినుంచి ఏప్రిల్ వరకు ఒడ్డున పండుగలు, ప్రార్థన కూటములు జరిపినప్పుడు దీపాలు సముద్రంవైపు తిప్పకండి, కూటం ముగియగానే ఆర్పివేయండి. ఇంజనీరును అడగబోయే ముందు మన ఇల్లు మనం చక్కబెట్టుకోవాలి.

తపస్సుకాలపు ఇసుక

ఒక్క సంగతి గమనించారా? ఆ తల్లులు ఒడ్డుకు వచ్చే నెలలు మన తపస్సుకాలపు నెలలే. గుడ్లు ఇసుకలో సమాధి అయినట్లు ఉండే రోజుల్లో మనం సిలువమార్గం చేస్తాం. పాస్కా పండుగ సమయానికి ఎన్నో గూళ్ళు తెరుచుకొని పిల్లలు వెలుగుకేసి నడుస్తాయి. పాస్కా రాత్రి చీకటి గుడిలోకి ఒక్క కొవ్వొత్తితో ప్రవేశించి, దాని వెంట నడిచే మనకు వాటి నడక అర్థం కావాలి. నిజమైన వెలుగును అనుసరిస్తే ప్రాణం. దొంగ వెలుగును అనుసరిస్తే రోడ్డు మీద చావు. మన పిల్లల ముందు మనం ఎలాంటి దీపాలు పెడుతున్నామో ఆ ఇసుక మీద నిలబడి ఆలోచించుకుందాం.

ఆ పెద్దాయనను ఈ ఆదివారం మళ్ళీ కలిశాను. ఈసారి తొందరపడలేదు, అరుగుమీద కూర్చున్నాను. "మీ జెట్టీ రావాలనే నేనూ ప్రార్థిస్తున్నాను. కానీ తాబేళ్ళు ఎక్కడికి వస్తాయో ఆ కట్టేవారికి ఎవరు చెబుతారు?" అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకొని, చేత్తో ఉత్తరపు ఒడ్డును చూపించి, "మా అయ్య ఉన్నప్పుడు ఆ సరుగుడు తోట కింద వచ్చేవండి. ఇప్పుడు తగ్గిపోయాయి. అక్కడ మాత్రం రాళ్ళు పోయకపోతే బాగుండునండి" అన్నారు. నేను చెప్పదలచిన పాఠం ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు. సభ జరిగే రోజున ఆ మాటే అక్కడ చెప్పమని ఆయనను అడిగాను. "నాకు మాట్లాడడం రాదండి" అన్నారు. పక్కన నేనుంటానని మాట ఇచ్చాను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుకోవడానికి

1. మన తాత ముత్తాతల కాలంలో మన ఊరి ఒడ్డు, చెరువు, ఏరు ఎలా ఉండేవి? పెద్దలు పిల్లలకు చెప్పాలి.
2. దొంగిలించరాదన్న ఆజ్ఞను మనం రాబోయే తరంవారి విషయంలో ఎక్కడ మీరుతున్నాం?
3. మన ఇంటి నిర్మాణంలో, మన గుడి నిర్మాణంలో, అక్కడ ముందునుంచి ఉన్న చెట్టును, పక్షిని, పొరుగువారిని లెక్కలోకి తీసుకున్నామా?
4. ఈ వారం జపమాలలో ఒక పదిని సముద్రం మీద వేటకు వెళ్ళినవారికోసం, తీరంలో కట్టడాలు కట్టే కూలీలకోసం, ఇసుకలో గూడు పెట్టే మూగజీవులకోసం సమర్పిద్దాం.

సర్వేశ్వరుడు మిమ్మును, మీ వలలను, మీ ఒడ్డును దీవించునుగాక. ఆమెన్.